ఎవరి చేతి తీపి

సేబతి ఫోను పట్టుకుని వంటశాలలోకి వచ్చేసరికి నిశామణి పీట మీద కూర్చుని ఛెనా మెదుపుతోంది. తెల్లారగట్ల విరగ్గొట్టిన పాలను గుడ్డలో వడకట్టి, నీరంతా కారిపోయాక మిగిలిన ముద్ద అది. దాన్ని అరచేతి మొదలుతో చెక్క పలక మీద రుద్దుతూ పోవాలి. చేతికి నెయ్యి జిడ్డు తగిలిన క్షణాన ఆపెయ్యాలి. ఒక్క రాపిడి ఎక్కువైతే పాకంలో ఉండలు బిరుసెక్కుతాయి, తక్కువైతే విచ్చిపోతాయి. ఆ క్షణం ఎప్పుడొస్తుందో చెప్పే గడియారం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. నిశామణి చేతికి మాత్రం తెలుసు.

“అక్కా, ఇది చూశావా? బావగారు ఎంత బాగా పడ్డారో,” అంది సేబతి. ఆమె నిశామణికి తోడికోడలు, మరిది భార్య. కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి.

“చేతులు ఖాళీ లేవే. నువ్వే పట్టుకో.”

సేబతి ఫోను ఆమె మొహం ముందు పెట్టింది. నిరుడు ఎవరో తీసిన వీడియో. మళ్ళీ రథయాత్ర వచ్చింది కదా అని కేతకీపూర్ ఊరంతా దాన్ని ఒకరికొకరు పంపుకుంటున్నారు. జగన్నాథుడు పిన్నమ్మ ఇంటి నుంచి తిరిగొచ్చిన త్రయోదశి సాయంత్రం అది. తనని ఇంట్లో వదిలేసి, అన్ననీ చెల్లెల్నీ వెంటేసుకుని తొమ్మిది రోజులు ఊరేగొచ్చిన మొగుడికి తలుపెందుకు తీయాలని లక్ష్మీదేవి గుడి గడియ పెట్టేసుకుంది. తలుపు బయట మొగవాళ్ళు ఆయన పక్షం, లోపల ఆడవాళ్ళు ఆమె పక్షం. ఏటేటా జరిగే తగువే. మాటా మాటా అయ్యాక డప్పులతో రసగుల్లా కుండ వస్తుంది. ఆ కుండ మోసేది నిశామణి మొగుడు బైధర. నెత్తిన గుడివాళ్ళు కట్టిన పట్టు తలపాగా, భుజాన కుండ, మొహాన పెళ్ళికొడుకు కళ.

లోపల్నుంచి, దేవి తరఫున మాట్లాడే ముసలి చంపా గొంతు వినిపించింది. “ఎవరి చేతి తీపి?”

అది ఆనవాయితీగా అడిగే ప్రశ్న. ఇంకెవత్తె ఇంట్లోనో పెట్టిన తీపిని తెచ్చి తనకి అంటగడుతున్నాడేమోనని దేవికి అనుమానం. కుండ తెచ్చినవాడు జవాబు చెప్పాకే తలుపు కదులుతుంది.

బైధర ఛాతీ విరుచుకున్నాడు. “బైధర గుడియా చేతి తీపి.”

నిశామణి చెయ్యి పలక మీదే ఆగిపోయింది.

వీడియో అంతటితో అయిపోలేదు. తలపాగా సర్దుకుంటున్న బైధర మూతి దగ్గర ఎవరో మైకు పెట్టారు. ఇంత మెత్తని రసగుల్లా ఎలా చేస్తారని అడిగారు. “మా తాత చేతి నుంచి మా నాన్నకొచ్చింది, మా నాన్న చేతి నుంచి నాకొచ్చింది. అది చేతిలో ఉండాలండీ,” అన్నాడు. మరి ఇంట్లో ఆడవాళ్ళు సాయం చేస్తారా అంటే నవ్వాడు. “పొయ్యిలో కట్టెలు పెడతారు.”

“ఇంకోసారి వెయ్యి,” అంది నిశామణి.

సేబతి మళ్ళీ వేసింది. రెండోసారి కూడా అదే మాట. ఛెనా ఎండిపోతోందని సేబతి చెప్పినా నిశామణికి వినపడలేదు. పెళ్ళయి వచ్చిన ఏటి నుంచీ ఆ తలుపు దగ్గరికి ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు. వెళ్ళే వీలెక్కడిది? గుడి కుండ దించి పంపగానే కొట్టుకి రెండో మూకుడు ఎక్కించాలి. ఆ సాయంత్రం ఊరు ఊరంతా రసగుల్లా కోసం గుడియా వాళ్ళ కొట్టు ముందే ఉంటుంది. తలుపు దగ్గర ఏం చెబుతారని కొత్తలో అత్తగారిని అడిగితే, “గుడియా ఇంటి తీపి అని చెప్తారే, ఇంటి పేరు,” అంది. ఇంటి పేరైతే అందులో తనూ ఉందనుకుని ఇన్నేళ్ళూ సంతోషంగానే చేసింది. అత్తగారు పోయి పన్నెండేళ్ళయింది. ఇంటి పేరు పోయి ఎన్నేళ్ళయిందో ఎవరూ ఆమెకి చెప్పలేదు.

సేబతి వీడియో చూపించిన ఆ రోజు పంచమి. దేవి ఊరేగింపుగా పిన్నమ్మ ఇంటికి వెళ్ళి, మొగుడి రథం నుంచి ఒక చెక్క విరగ్గొట్టి వచ్చే రోజు. నిశామణికి విరగ్గొట్టడానికి చేతి దగ్గర రథం లేదు.

మధ్యాహ్నం బైధర కొట్టు మూసి భోజనానికి వచ్చాడు. గంజి నీళ్ళలో నానిన అన్నం, వేయించిన మినప వడియాలు, ఉల్లిపాయ. ముందు పెట్టి ఎదురుగా నిలబడింది.

“గుడి తలుపు దగ్గర ఎవరి చేతి తీపి అని చెప్తున్నారు మీరు?”

బైధర వడియం కొరికాడు. “ఎవరిదేంటి? మనదే.”

“మనదని చెప్తున్నారా, మీదని చెప్తున్నారా?”

“ఆ వీడియో చూశావా.” అతనికి అప్పుడర్థమైంది. పెద్దగా కంగారు పడలేదు. “ఇంటి పెద్దని నేను. నా పేరు చెప్తే నీ పేరు చెప్పినట్టు కాదా?”

“అయితే ఈసారి నా పేరు చెప్పండి. మీ పేరు చెప్పినట్టే అవుతుంది.”

బైధరకి ముద్ద గొంతులో అడ్డుపడింది. నీళ్ళు తాగి, పెద్దమనిషి తరహాగా గొంతు సర్దుకున్నాడు. “దేవుడి ముందు పెళ్ళాం పేరెత్తేవాడు ఎవడైనా ఉన్నాడా? నవ్విపోతారు.”

“ఆ దేవుడే ఊరంతా చూస్తుండగా పెళ్ళాం గుమ్మంలో తీపి పట్టుకుని నిలబడుతున్నాడు. ఆయనకి లేని సిగ్గు మీకెక్కడిది?”

“ఇదిగో బుడు వాళ్ళమ్మా, తినే కంచం ముందు తగువు పెట్టుకోకు.”

బుడు వాళ్ళమ్మ. కొడుకు పుట్టిన నాటి నుంచీ ఆమెకదే పేరు. అంతకు ముందు ‘ఇదిగో’. ఆ బుడు కూడా పెళ్ళి చేసుకుని బరంపురంలో బస్సు నడుపుకుంటున్నాడు. పేరు మాత్రం ఇక్కడే వదిలిపోయాడు.

“నేను కట్టెలే కదా పెట్టేది,” అంది నిశామణి. “ఈ త్రయోదశికి కట్టెలు పెడతాను. పేర్చి, అంటించి మరీ ఇస్తాను. రసగుల్లా మీ చేత్తో చెయ్యండి.”

బైధర నవ్వాడు. ఆ నవ్వు కానీ అతను నవ్వకపోయి ఉంటే కథ ఇంకోలా జరిగేదేమో. మగాడికి ఎప్పుడు నవ్వకూడదో ఎవరూ నేర్పరు.

నడుమ ఏడు రోజులు. కొట్టుకి కావలసినవన్నీ నిశామణి చేస్తూనే ఉంది. పాలు కాచింది, ఖాజాలు వేయించింది, గిన్నెలు తోమింది. ఆమె గొడవ కొట్టుతో కాదు, ఆ ఒక్క కుండతో. బైధర దాన్ని చల్లబడటం అనుకున్నాడు. ద్వాదశి నాడు కూడా ఆమె గుర్తు చేసింది. “రేపు మీరే.” అతను “సరే సరే” అని తలపాగా కట్టుకునే అద్దం తుడుచుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆమె అడిగింది చాలా చిన్నది. ‘నాకు చేతకాదు, నువ్వే చెయ్యి, నీ పేరే చెప్తాను’ అనాలి అతను. ఆ మాట తలుపు దగ్గర కాకపోయినా, ముందు తన దగ్గర అంటే చాలు. అన్న మరుక్షణం కొంగు దోపి పొయ్యి దగ్గర కూర్చోవడానికి ఆమె సిద్ధంగానే ఉంది. ఆ సంగతి తనకే చిరాకు తెప్పించేంత సిద్ధంగా ఉంది.

త్రయోదశి పొద్దున పాలు వచ్చాయి. నిశామణి చెప్పినట్టే కట్టెలు పేర్చి పొయ్యి అంటించింది. తలంటుకుని, ఎర్రంచు చీర కట్టుకుని, వీధి అరుగు మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంది. దారిన పోయేవాళ్ళు ఆగి ఆగి చూశారు.

“ఏం బుడు వాళ్ళమ్మా, ఇవాళ ఇంత తీరిగ్గా ఉన్నావు?”

“ఇవాళ ఆయనే చేస్తున్నారమ్మా. ఆ చెయ్యి తాతల నాటిది.”

లోపల్నుంచి గిన్నెల చప్పుడు, దగ్గు, గొణుగుడు వినిపిస్తున్నాయి. కాసేపటికి బైధర గుమ్మంలోకి వచ్చాడు. మీసం మీద పాలు.

“ఏమే, పాలు విరగ్గొట్టడానికి నిమ్మకాయా, నిన్నటి విరుగుడు నీళ్ళా?”

“మీ నాన్న చేతి నుంచి మీ చేతికొచ్చింది కదా. ఆ చేతినే అడగండి.”

అతను పళ్ళు నూరుకుంటూ లోపలికి పోయాడు. మొదటి విడత గుడ్డని బట్టలు పిండినట్టు పిండేశాడు. ఛెనా పొడిపొడిగా అయింది. ఉండలు పాకంలో వెయ్యగానే విడిపోయి పాయసంలా తయారయ్యాయి. రెండో విడత ఆ భయంతో గంటసేపు మెదిపాడు. అవి పాకంలో ఉబ్బలేదు, మెత్తబడలేదు. గరిటె తగిలితే టకటకమన్నాయి. ఆ శబ్దం అరుగు మీదికి వినపడింది. నిశామణికి నవ్వు రాలేదు. నలభై లీటర్ల పాలు, ఎన్ని ఆవులు ఎంత గడ్డి మేస్తే వచ్చాయో అనుకుంది.

పన్నెండు దాటాక బైధర బయటికొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆమె లేచి నిలబడింది. ఇప్పుడంటాడు అనుకుంది. అతను ఆమె వైపు కన్నెత్తి చూడకుండా స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

పూజారి దగ్గరికి వెళ్ళాడేమో, తప్పు ఒప్పుకుని వస్తాడేమో అని ఆమె వంటశాలలోకి వెళ్ళి చూసింది. ఇంకా పది లీటర్ల పాలు మిగిలి ఉన్నాయి. కుండకి సరిపోతాయి. ఒంటిగంటకి మొదలుపెట్టినా సాయంత్రానికి అందుతుంది. రెండింటికి మొదలుపెడితే పరుగులు పెట్టాలి. మూడు దాటితే ఆ అమ్మవారొచ్చినా కాదు. నిశామణి పొయ్యి పక్కన నిలబడే ఒంటిగంట కొట్టడం విన్నది, రెండు కొట్టడం విన్నది. మూడు కొట్టాక పొయ్యిలో నీళ్ళు పోసి, చెప్పులేసుకుని, తాళం వేసి గుడికి బయలుదేరింది. ఇన్నేళ్ళలో ఆ సాయంత్రం గుడికి వెళ్ళడం ఆమెకి అదే మొదటిసారి.

లోపల గుమ్మం దగ్గర అప్పటికే నలభై మంది ఆడవాళ్ళు చేరారు. మధ్యలో చంపా ముసలమ్మ మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని కూర్చుంది. అమ్మవారి తరఫున ఆ తలుపు వెనక నుంచి మాట్లాడేది ఆమే. వారం రోజుల ముసురుకి గొంతు మూసుకుపోయి గురగురమంటోంది.

“ఎవరది, గుడియా కోడలివా?” అంది నిశామణిని దగ్గరికి లాక్కుని. “మూకుడు దగ్గర నువ్వు కేకేస్తే వీధి చివరికి వినిపిస్తుందంటారు. రా, పక్కన కూర్చో. మాట నేనందిస్తాను, నువ్వు గొంతివ్వు.”

“నాకు రాదు పెద్దమ్మా.”

“వచ్చేదేముందే. మొగుడి మీద కోపం వస్తుందా?”

“వస్తుంది.”

“అయితే వచ్చినట్టే.” చంపా ఆమె చెవి దగ్గరికి వంగింది. “ఒక్కటే గుర్తుపెట్టుకో. ఈ తలుపు దగ్గర అన్న ప్రతి మాటా అమ్మవారిది. బయటున్నవాడు ఎంతటివాడైనా బదులు చెప్పాల్సిందే. ఇంటికి పోయాక ఎవరూ ఆ మాట ఎత్తకూడదు, ఎవరినీ ఏమీ అనకూడదు. ఇది మా అత్తల నాటి కట్టు.”

బయట శంఖం ఊదారు. అన్న బలభద్రుడు లోపలికి వచ్చాడు. చెల్లెలు సుభద్ర వచ్చింది. జగన్నాథుడి పల్లకి గడప దాకా రాగానే ఆడవాళ్ళు దబ్బున తలుపు మూశారు. నిశామణి స్వయంగా గడియ పెట్టింది. ఇనుప గడియ చల్లగా, బరువుగా ఉంది.

“అమ్మా, తలుపు తీయి తల్లీ,” అని బయటి నుంచి ఆర్తత్రాణ మాస్టారు మొదలుపెట్టాడు. బడిలో రిటైరయ్యాక స్వామి తరఫున వకాలతు ఆయనదే. “స్వామి అలసిపోయాడు.”

చంపా చెవిలో ఏదో అంది. నిశామణి గొంతెత్తింది. “అలసిపోయేంత పని ఏం చేశాడు? రథం లాగింది జనం. ఆయన కూర్చున్నాడు.”

లోపలా బయటా కూడా నవ్వారు. గొంతు కొత్తగా ఉందని బయట గుసగుసలు లేచాయి.

“పిన్నమ్మ పిలిచింది. పోకపోతే బాగుంటుందా తల్లీ?”

“ఆ పిలుపు నా దాకా రాలేదే? అన్నకి చోటుంది, చెల్లెలికి చోటుంది. పెళ్ళానికి చోటు లేని రథం ఏ వడ్రంగి చేశాడు?”

ఇది చంపా అందించిన మాట కాదు. ముసలమ్మ తల పక్కకి తిప్పి చూసి, లోలోపల నవ్వుకుంది.

“నీకు పట్టుచీర తెచ్చాడమ్మా.”

“కట్టుకుని ఎక్కడికెళ్ళను? ఎక్కడికీ తీసుకెళ్ళడుగా.”

“చినుకులు పడుతున్నాయి. స్వామి తడిసిపోతున్నాడు.”

“తడవనివ్వండి. తొమ్మిది రోజులు తీయతీయగా తిన్నాడు. కాస్త కరిగితే మంచిదే.”

మాస్టారు ఓడిపోయినట్టు దణ్ణం పెట్టి ఉంటాడు, జనం హోరుమన్నారు. డప్పులు దగ్గరికొచ్చాయి. కుండ వచ్చిందన్నారు. నిశామణికి అర్థం కాలేదు. కుండ ఎలా వచ్చింది? మూడింటికి పొయ్యి చల్లారింది, పాలు అలాగే ఉన్నాయి. ఎవరి పొయ్యి మీద చేయించాడు?

చంపా మోచేత్తో పొడిచింది. అడగమని.

“ఎవరి చేతి తీపి?” అంది నిశామణి.

ఆ గొంతు ఎవరిదో బైధరకి తెలిసిపోయింది. తెలిసినా అలవాటైన నోరు ఆగదు కదా. “బైధర గుడియా చేతి తీపి,” అన్నాడు.

తలుపు ఒక చెయ్యి పట్టేంత తెరిచారు. సందులోంచి ఆకుదొన్నెలో ఒక రసగుల్లా లోపలికొచ్చింది. నిశామణి దాన్ని అందుకుంది. రంగు ఇంట్లో చేసేదానిలా లేత గోధుమగానే ఉంది. కానీ చూసిన వెంటనే కాదు, తాకిన వెంటనే తెలిసింది ఆమెకి. బొటనవేలితో నొక్కింది. అది నొక్కినంత నొక్కుకుని మళ్ళీ ఉబ్బింది. ఇంకాస్త గట్టిగా పిండితే పైనున్న మాడు పాకం కారిపోయి లోపల తెల్లగా, గిన్నెలు తోమే స్పాంజిలా బయటపడింది. చెయ్యి తగిలిన తీపి కాదు అది. యంత్రం చుట్టి, డబ్బాలో మూసి, బస్టాండు కొట్టుల్లో దుమ్ము పట్టే తీపి. దాన్ని తెచ్చి, ఇంట్లో చేసినట్టు కనపడాలని మాడ్చిన పంచదారలో ముంచాడు.

తనని అడగలేదు, పోనీ. చేతకాలేదని ఒప్పుకోలేదు, పోనీ. తన పేరు ఒక్కసారి నోటితో పలకడం కన్నా దేవుణ్ణి మోసం చేయడం తేలికనిపించింది ఈ మనిషికి. పేరులో అంత బరువేముంది?

“పెద్దమ్మా, ఇది డబ్బాది,” అంది.

చంపా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని వెంటనే కొంగులోకి ఉమ్మేసింది. నిశామణి మళ్ళీ తలుపు మూసి గడియ పెట్టింది.

“ఎవరి చేతి తీపి?”

బయట కలకలం. “అమ్మా, ఆనవాయితీలో ఒక్కసారే అడుగుతారు,” అన్నాడు మాస్టారు.

“అనుమానం తీరేదాకా అడగొచ్చు,” అని చంపా గురగురమంది. నిశామణి ఆ మాట బయటికి వినిపించి, మూడోసారి అడిగింది. “ఎవరి చేతి తీపి?”

వాన పెరిగింది. పల్లకి మోసేవాళ్ళలో ఒకడు విసుక్కున్నాడు. “భుజాలు పడిపోతున్నాయి బైధర భాయీ. చెప్పెయ్యరాదూ?”

“కొన్నాను,” అన్నాడు బైధర.

“వినపడలేదు.”

“బస్టాండులో కొన్నాను.”

ముందు ఒకడు నవ్వాడు, తరువాత వీధంతా నవ్వింది. లోపల ఆడవాళ్ళు నవ్వలేదు. వాళ్ళు నిశామణి మొహం చూస్తున్నారు.

“మరి నిరుటిది ఎవరి చేతిది?”

“ఇక చాల్లేవే,” అంది బైధర గొంతు, చాలా చిన్నగా, తలుపుకి నోరానించి. “ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఇది ఇల్లు కాదు. ఇక్కడ మాట్లాడుతున్నది నీ పెళ్ళాం కాదు. అమ్మవారు అడుగుతోంది, గట్టిగా చెప్పు. నిరుటిది ఎవరి చేతిది? అంతకు ముందేటిది?”

“చెప్పు నాయనా,” అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో వేళాకోళం పోయింది. “మా స్వామే తలొంచుకుని నిలబడ్డాడు. నీదేం పోయింది?”

“బుడు వాళ్ళమ్మ చేతిది,” అన్నాడు బైధర.

“బుడు వాళ్ళమ్మని కన్నవాళ్ళు పేరు పెట్టలేదా?”

డప్పులవాళ్ళు కూడా ఆపేశారు. చూరు మీంచి వాన కారుతూనే ఉంది. నిశామణికి ఒక్కసారి భయమేసింది. తన పేరు ఇతనికి గుర్తుందా అని.

“నిశామణి.” ఆ మాట ఎవరో గొంతులోంచి లాగినట్టు వచ్చింది. “నిశామణి చేతి తీపి.”

ఆడవాళ్ళు హులహులీ అంటూ నాలుకలాడించి మంగళధ్వని చేశారు. ఎవరో గడియ మీద చెయ్యి వేశారు. నిశామణి ఆ చెయ్యి తీసేసింది. పేరు వింటే కోపం పోతుందనుకుంది. పోలేదు సరికదా, ఇంత చిన్న మాటకా ఇన్నేళ్ళు పట్టింది అని ఇంకా పెరిగింది.

“నేను ఈ ఊరికొచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు,” అంది. అమ్మవారి గొంతూ తన గొంతూ వేరు చేసే ఓపిక ఇక ఆమెకి లేదు. “ముప్పై ఒక్కసార్లు ఈ గడప మీద నా పేరు మింగేశారు. ఏటికొక్కసారి చొప్పున నిజం చెప్పు.”

“అంతసేపా?” అని మోసేవాళ్ళు లబోదిబోమన్నారు. “కాస్త దింపుకోండి మరి,” అంది చంపా. వాళ్ళు స్వామిని గడప మీద మెత్త వేసి దింపారు. గొడుగులు పట్టారు.

“నిశామణి చేతి తీపి,” అన్నాడు బైధర.

“ఒకటి,” అంది నిశామణి.

రెండు, మూడు దాకా బయట జనం నవ్వుతూనే ఉన్నారు. ఐదోసారికి పిల్లలు లెక్క అందుకున్నారు. పదోసారికి నవ్వులు సన్నగిల్లాయి. ఒక్కో ఏడూ ఎంత పొడుగో అప్పుడు తెలిసింది అందరికీ. అది బుడు పుట్టిన ఏడు. అది పురిటి మంచం దిగిన పదో నాటికే మూకుడు ముందు కూర్చున్న ఏడు. అది పాకం పడి ముంజేయి కాలితే తడిగుడ్డ చుట్టుకుని ఇంకో చేత్తో ఉండలు చుట్టిన ఏడు. అది అత్తగారు పోయిన ఏడు. లోపల నిశామణి ఒక్కో అంకెకీ ఒక్కో ఏడు చూస్తూ నిలబడింది. బయట ఇరవై దాటేసరికి బైధర గొంతు పగిలింది. పాతిక దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. చివరి రెండూ అంటున్నప్పుడు ఏడుస్తున్నాడో వానలో తడిసి వణుకుతున్నాడో తలుపు వెనకున్న ఆమెకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

“ముప్పై ఒకటి,” అంది.

పూజారి దీపం పట్టుకుని పక్కకొచ్చాడు. బెదురుగా అడిగాడు. “అమ్మా, ఆ డబ్బా కుండ లోపలికి రానివ్వడం కుదరదు. మరి అమ్మవారికి తీపి ఏం పెట్టాలి? తీపి లేకుండా తలుపు తీస్తే ఎలా?”

“ఈ ఏడు ఏమీ పెట్టకండి,” అంది నిశామణి. “ప్రతి ఏడూ ఆమె నోరెత్తగానే అందులో రసగుల్లా కుక్కి మూయిస్తున్నారు. ఈ ఒక్క ఏడూ మాట్లాడనివ్వండి.”

అంటూనే గడియ లాగింది. తలుపు తెరుచుకుంది. వానలో తడిసిన జనం, గొడుగుల కింద గుండ్రటి కళ్ళేసుకుని దేవుడు, ఆయన పక్కన తలపాగా రంగు మొహమంతా కారిన బైధర. నిశామణి వాళ్ళెవరినీ చూడలేదు. ఇప్పుడే అన్న మాట ఆమెని నిలబెట్టేసింది. ఆ నోరు మూయించిన తీపి ముప్పై ఒక్క ఏళ్ళుగా చేసి పంపింది తన చెయ్యే. ఆ చేతిని కొంగుకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఇంకా జిగటగానే ఉంది.